ఆకాశంలో తుక్కు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

సైన్స్ ఫిక్షన్ అనగానే చాలామందికి వేరే గ్రహాల జీవులు, కాలంలో వెనక్కి తీసుకుపోయే యంత్రాలు గుర్తొస్తాయి. ఈవేళ నేను మాట్లాడబోయేది అంతరిక్షంలో తుక్కు ఏరుకునేవాళ్ల కథల గురించి. వాటిని మన విశాఖలో కొంతమందికి చెబితే వాళ్లేమన్నారో కూడా చెబుతాను. నిజానికి కథలకన్నా ఆ మాటలే నన్ను ఎక్కువ రోజులు వదల్లేదు.

1952లో ఐజాక్ అసిమోవ్ ‘ది మార్షియన్ వే’ అనే కథ రాశాడు. అంగారకుడి మీద స్థిరపడ్డ మనుషులు కొందరు చిన్న ఓడల్లో బయల్దేరి, భూమి నుంచి వచ్చే రాకెట్లు దారిలో వదిలేసిన ఖాళీ తొడుగుల్ని పట్టి అమ్ముకుంటారు. ఇరుకు గదిలో ఇద్దరే మనుషులు, ఎంతకీ తరగని దూరం. సరుకు దొరికితే డబ్బు, లేకపోతే లేదు. స్పుత్నిక్ ఎగిరింది 1957లో. అంటే మనిషి భూమి చుట్టూ కక్ష్యలో ఒక్క వస్తువును కూడా నిలబెట్టక ముందే, పైన పారేసినదాన్ని ఏరుకుని బతికేవాళ్లు ఉంటారని ఆయన ఊహించాడు.

ఆ కథలో ఓడలు నడిచేది భూమి నుంచి తెచ్చుకున్న నీళ్లతోనే. అందుకని భూమ్మీది నాయకుడొకడు ‘మన నీళ్లు ఆ అంగారకుడివాళ్లు తగలేస్తున్నారు’ అని జనాన్ని రెచ్చగొడతాడు. అప్పట్లో అమెరికాలో మెకార్థీ అనే సెనేటర్ కమ్యూనిస్టుల వేట పేరుతో అందర్నీ హడలెత్తిస్తున్నాడు. అసిమోవ్ మనసులో ఉన్నది అతనే. తిడుతూనో పొగుడుతూనో ఉత్తరాలు కుప్పలుగా వస్తాయనుకున్నాడు. ఆ సంగతి మీద ఒక్కటీ రాలేదట. నాకైతే అందులో ఆశ్చర్యం కనిపించదు. పాఠకుడు కథలో ముందుగా అందుకునేది తన చేతులకు తెలిసిన పనిని. రచయిత దాచిపెట్టిన రాజకీయం ఆ తర్వాత, అదీ ఓపికుంటే.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. గాజువాక వైపు తెలిసినవాళ్లు నలుగురు కూర్చున్నచోట ఈ కథనూ, ఇలాంటివి మరికొన్నిటినీ తెలుగులో చెబుతూ వచ్చాను. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు వెంటనే లెక్క తీశాడు. భూమికి దగ్గర కక్ష్యలో తిరిగే వస్తువు సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పోతుంది, దాన్ని పట్టాలంటే మనమూ అదే దారిలో అదే వేగంతో పోవాలి, ఆ ఇంధనం ఖర్చు ముందు తుక్కు ధర ఏపాటి అన్నాడు. సరైన మాటే.

స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన అడిగింది వేరు. ‘ఏరారు సరే, వేరుచేసిందెవరు?’ అన్నాడు. కరిగించే ఇనుములో రాగి ఎక్కువగా కలిస్తే, ఉక్కును ఎర్రగా కాల్చి రోలింగ్ చేసేటప్పుడు పైన పగుళ్లు వస్తాయి. ఒకసారి కలిసిన రాగిని మామూలు పద్ధతుల్లో తీయడం కుదరదు. అందుకే ఏ తుక్కుకి ఆ తుక్కు వేరు చేసుకోవాలి. మన వీధుల్లో చెత్త ఏరే ఆడవాళ్లు ఇనుము, రాగి, సిలవరు, ప్లాస్టిక్కు విడదీస్తూ గంటలు గంటలు కూర్చుంటారు. కథల్లో వెంటాడి పట్టుకోవడం పేజీలకు పేజీలు ఉంటుంది. వేరుచేయడం మాత్రం కనబడదు. నేను చదివినవాటిలో ఇది పెద్ద లోటు అని నాకప్పుడే తట్టింది.

ఆటోనగర్‌లో గుజిరీ కొట్టు నడిపే ఆయన అంతా విని ఒకటే అడిగాడు. ‘బాగానే ఉంది గానీ మాస్టారూ, ఆ సరుకెవులిది? బిల్లుందా?’

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. దొంగ సరుకు కాటా ఎక్కిస్తే పోలీసులు ముందు వచ్చేది ఆయన కొట్టుకే. ఆ ప్రశ్న అంతరిక్ష చట్టంలో నడిమధ్యన ఉంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం, పైకి పంపిన వస్తువు పాడైపోయినా, ముక్కలైపోయినా, తిరిగి నేలమీద పడినా, దాని సొంతదారు మారడు. మన రోడ్డు పక్క పారేసిన డబ్బాలా దొరికినవాడిదే అనడానికి లేదు. 2009లో సైబీరియా పైన, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేస్తున్న అమెరికన్ ఇరిడియం ఉపగ్రహాన్ని చచ్చిపోయిన రష్యా ఉపగ్రహం గుద్దింది. వేల ముక్కలయ్యాయి. రేపు ఎవరైనా ఓడ వేసుకుని వాటిని ఏరడానికి పోతే, ప్రతి ముక్కకీ ‘ఇది ఎవులిది?’ అని తేల్చుకోవాలి. వేలిగోరంత ముక్క ఏ దేశానిదో ఎలా చెప్పగలం?

వయసు మళ్లినవాళ్లకు ఈ కథలు కథల్లాగే అనిపించలేదు. వాళ్లకు 1979 గుర్తొచ్చింది. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు భయపడ్డాయి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్లున్నారు. చివరికి జూలై 11న అది పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి పరిసరాల్లో పడింది. చెత్త పారేసినందుకు అక్కడి స్థానిక పాలక మండలి నాసాకు 400 డాలర్లు జరిమానా వేసింది. నాసా కట్టలేదు. ముప్ఫై ఏళ్లకు, 2009లో, ఒక అమెరికన్ రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి ఆ బాకీ తీర్చాడు. రేడియోలో కూర్చుని ఈ సంగతి చెప్పడం నాకెంతో సంతోషంగా ఉంది.

ఇప్పుడు మన ఇస్రో కూడా చెత్త మిగల్చకుండా చూసుకునే పనిలో ఉంది. శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ సి-58 రాకెట్ చివరి దశను తక్కువ ఎత్తు కక్ష్యలోకి దించి, ప్రయోగాలకు వాడుకుని, 2024 మార్చిలో వాతావరణంలోకి పడేలా చేసింది. ఏరాల్సిన అవసరమే లేకుండా చేయడం అన్నమాట. మంచి పద్ధతి. కానీ ఇప్పటికే పైనున్న పాత సరుకు అలాగే ఉంది.

కథలు రాసే మిత్రులకు నాదొక విన్నపం. ఆ గుజిరీ కొట్టాయన అడిగినదానికి సమాధానం వెతికే కథ తెలుగులో నాకింకా దొరకలేదు. ఏరేవాడు, వేరుచేసే ఆమె, కాటా దగ్గర నిలబడి బిల్లు అడిగే మనిషి, ముగ్గురూ ఉండే కథ. ఆ ముగ్గురూ విశాఖ యాసలోనే మాట్లాడుకోవాలి. ఎవరైనా రాస్తే నాకు పంపండి. ముందుగా ఆటోనగర్‌లో చదివి వినిపిస్తాను.