బంపర్‌కి బెజ్జం పెట్టకుండా ఫ్రంట్ నంబర్ ప్లేట్ – టో హుక్ మౌంట్, ఆరు నెలల తర్వాత

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు. ఇవాళ చూపించేది చాలా చిన్న వస్తువు, ఇదిగో నా చేతిలో ఉన్న ఈ రాడ్డు, ఈ అల్యూమినియం రేకు, నాలుగు నట్లూ బోల్టులూ, ఇంతే. అరవై డాలర్ల సామాను. కానీ దీని వల్ల నాకు బంపర్ మీద ఒక గీత, మా నాన్న దగ్గర ఒక అరగంట క్లాసు, రెండూ దక్కాయి, అందుకే కొన్న వెంటనే వీడియో పెట్టకుండా ఆరు నెలలు వాడి మరీ వచ్చా.

వెనకాల కనిపిస్తున్నది నా జీఆర్86, టొయోటా, 2022 మోడల్, 2.4 లీటర్ ఇంజన్, 228 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్. దీన్ని ఫీనిక్స్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ఆరిజోనాలో నంబర్ ప్లేట్ ఒక్కటే, వెనకాల మాత్రమే ఉంటుంది, కాబట్టి ముందు బంపర్ నున్నగా, ఒక్క బెజ్జం లేకుండా వచ్చింది. తెచ్చి ఫ్రీమాంట్‌లో రిజిస్టర్ చేయించా, డీఎంవీ వాళ్ళు, అంటే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు లాంటిది, చేతిలో రెండు ప్లేట్లు పెట్టారు. కాలిఫోర్నియాలో రెండు ఇస్తే రెండూ బిగించాల్సిందే, ముందొకటి వెనకొకటి. నేనేం చేశా, ఒకటి వెనకాల బిగించి రెండోది డిక్కీలో టవల్ కింద దాచా. ఎందుకంటే మనసొప్పలేదండీ, అంత అందమైన మూతికి రెండు స్క్రూలు దింపడానికి.

నాలుగు నెలలు బానే గడిచింది. తర్వాత ఒక రోజు పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంటే వెనకాల లైట్లు. ఆఫీసర్ చాలా మర్యాదగానే మాట్లాడాడు, ముందు ప్లేట్ ఏదీ అన్నాడు, డిక్కీలో ఉంది సార్ అన్నా, నవ్వి టికెట్ రాసిచ్చాడు. దీన్ని ఇక్కడ ఫిక్స్-ఇట్ టికెట్ అంటారు, అంటే ప్లేట్ బిగించుకుని, పోలీసుకి చూపించి సంతకం పెట్టించుకుని, 25 డాలర్లు కోర్టుకి కడితే కేసు కొట్టేస్తారు. వెహికల్ కోడ్‌లో సెక్షన్ 5200, కావాలంటే చూసుకోండి. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం పాతిక దగ్గర ఆగదు.

ఇక్కడ ఒక మాట, మనవాళ్ళు చాలామంది ప్లేట్‌ని లోపల డ్యాష్‌బోర్డ్ మీద అద్దానికి ఆనించి పెడతారు, కనపడుతుంది కదా ఇంకేం కావాలి అని. చట్టంలో ఉన్నది బండి ముందు భాగానికి బిగించాలని, ఊగకుండా గట్టిగా ఉండాలని, చదవడానికి స్పష్టంగా ఉండాలని. డ్యాష్‌బోర్డ్ మీద పెట్టింది బిగించినట్టు కాదు. పైగా బ్రేక్ గట్టిగా కొడితే ఆ రేకు ఎగిరొచ్చి ఎవరి ముక్కు మీద పడుతుందో చెప్పలేం.

సరే, బెజ్జం పెట్టకుండా ఏమేం దారులున్నాయో అన్నీ వెతికా. మాగ్నెట్ కొన్నా, నవ్వకండి, ఇంటికొచ్చి బంపర్ మీద పెడితే జారి కింద పడింది, బంపర్ ప్లాస్టిక్ కదా, ఇంజనీరింగ్ చదివిన మనిషిని నేను. తర్వాత డబుల్ సైడ్ టేపు, త్రీఎమ్ వాళ్ళ వీహెచ్‌బీ. అది నిజంగా గట్టి టేపే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, మరీ చలి లేని రోజున అంటించి, 72 గంటలు కదపకుండా వదిలేస్తే పూర్తి పట్టు వస్తుంది. కానీ నా బంపర్ మీద పీపీఎఫ్ ఫిల్మ్ ఉంది, అంటే పెయింట్‌కి గీతలు పడకుండా పైన అంటించే పారదర్శకమైన పొర. టేపు పట్టుకునేది ఫిల్మ్‌ని, పెయింట్‌ని కాదు, రేపు పీకితే ఫిల్మ్ కూడా లేచొస్తుంది. మీ బండికి ఫిల్మ్ లేకపోతే, ప్లేట్ మళ్ళీ తీసే పని లేకపోతే, టేపు మంచి ఆప్షనే, నేను కాదనను. తీసేటప్పుడు మాత్రం లాగకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి చేపల గాలం దారంతో రంపంలా కోయండి. జిప్ టైలు అయితే జాలీకి కట్టడం రెండు నిమిషాల పని, కానీ ప్లేట్ ఊగి ఊగి జాలీని అరగదీస్తుంది, సరిగ్గా రేడియేటర్‌కి గాలి పోయే చోటే అడ్డం కూర్చుంటుంది. సక్షన్ కప్పులు ఎండకి ఎండి ఊడతాయి. ఇంకోటి, డీఎంవీ ఓకే చేసిన వినైల్ ప్లేట్ అని ఒకటుంది, స్టిక్కర్‌లా ముందు అంటించుకునేది. అది మాత్రం ఆమోదం ఉన్నవాళ్ళ దగ్గరే తీసుకోండి, ఆన్‌లైన్‌లో ఎవడో మీ నంబర్ ప్రింట్ చేసి పంపిన స్టిక్కర్ చెల్లదు.

చివరికి మిగిలింది ఇదీ, టో హుక్ మౌంట్. బ్రాండ్ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇదే ముక్కని ఐదారు పేర్లతో అమ్ముతున్నారు, స్పాన్సర్ కూడా ఎవరూ లేరు, నా డబ్బులే.

ఐడియా చాలా సింపుల్. బండి ఆగిపోతే తాడు కట్టి లాగడానికి డిక్కీలో జాకీ పక్కన ఒక హుక్కు ఇస్తారు కదా, అది తిప్పి బిగించే మర బంపర్ లోపల ముందే ఉంటుంది, పైన చిన్న మూత. ఆ మరలోకే ఈ రాడ్డు ఎక్కుతుంది, రాడ్డు చివర ఈ రేకు, రేకుకి ప్లేటు. కంపెనీవాళ్ళు ఇచ్చిన బెజ్జమే వాడుకుంటున్నాం, కొత్తగా పెట్టేదేం లేదు. కాకపోతే మర సైజు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, కొనేటప్పుడు మోడల్, ఇయర్ రెండూ చూసుకోండి. ఫోక్స్‌వ్యాగన్ లాంటి వాటిలో ఉల్టా మర, ఎడమ వైపుకి తిప్పితే ఎక్కుతుంది, తెలియక బలవంతంగా కుడివైపు తిప్పితే మర చెడి మొత్తం పోతుంది. ఏ బండైనా మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే సాఫీగా తిరగాలి, తిరగలేదంటే స్పానర్ తియ్యకండి, బయటికి తీసి మళ్ళీ సూటిగా పెట్టండి.

ఇప్పుడు ఆ గీత సంగతి. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఇదిగో మూత పక్కన, కనపడుతోందా, వేలిగోరు అంత గీత. ఇది నా చేతి పనే. మూత తియ్యడానికి ఫ్లాట్ స్క్రూడ్రైవర్ పెట్టి లేపా, జారింది. బెజ్జం పెట్టకూడదని ఇంత కష్టపడి చేజేతులా గీత పెట్టుకున్నా. మీరు చుట్టూ పెయింటర్స్ టేపు, ఆ నీలం రంగుది, అంటించి, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌తో తియ్యండి, ఐదు డాలర్లు కూడా ఉండదు. తీసిన మూత గ్లవ్‌బాక్స్‌లో వెయ్యండి, పారేస్తే మళ్ళీ ఆ రంగులో దొరకడం కష్టం.

మూత తీశా, రాడ్డు తిప్పా, రేకు పెట్టా, ప్లేట్ బిగించా, ఇక్కడి ప్లేట్లన్నీ 12 ఇంచులకి 6 ఇంచులు కాబట్టి బెజ్జాలు చక్కగా కూర్చున్నాయి. పదిహేను నిమిషాలు. ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టా.

మూడో రోజు 880 ఫ్రీవే మీద అరవై ఐదు మైళ్ళ స్పీడులో పోతుంటే ముందు నుంచి టకటకటక అని ఒకటే మోత. ఇంటికొచ్చి చూస్తే ప్లేట్ ఒక పక్కకి వాలి ఉంది, బస్సులో నిద్రపోయి పక్కోడి భుజం మీద తల వాల్చిన మనిషిలాగా. సరిచేశా, రెండు రోజులకి మళ్ళీ అంతే. ఇంకా గట్టిగా బిగిద్దామంటే రాడ్డు చివరిదాకా పోయి ఆగే చోట ప్లేట్ తలకిందులుగా ఉంటోంది, తిన్నగా పెట్టాలంటే సగం చుట్టు వెనక్కి తిప్పాలి, వెనక్కి తిప్పితే లూజు. నాకు ఒళ్ళు మండి ఒక్క స్టార్ రివ్యూ రాశా, పోస్ట్ నొక్కడమే తరువాయి.

అప్పుడే మా నాన్న ఒంగోలు నుంచి వచ్చారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. జెట్‌లాగ్‌లో తెల్లారుజామున నాలుగింటికి లేచి డ్రైవ్‌వేలో నిలబడి బండి చుట్టూ తిరుగుతున్నారు. నేను కాఫీ తీసుకుని వెళ్ళేసరికి ప్లేట్‌ని చేత్తో ఊపి చూస్తున్నారు.

"చెక్‌నట్ ఏదిరా?" అన్నారు.

ఏ నట్టు నాన్నా అన్నా. ప్యాకెట్ తెమ్మన్నారు. ప్యాకెట్ అడుగున ఒక పెద్ద నట్టు మిగిలి ఉంది, పల్చగా, ఇదిగో ఇలాంటిది. ఎక్స్‌ట్రా ఇచ్చాడేమో అనుకున్నా నాన్నా అన్నా.

"బండికి ఎక్స్‌ట్రా నట్టు అంటూ ఉండదురా, చేతిలో ఒకటి మిగిలిందంటే లోపల ఎక్కడో ఒకటి లేనట్టే."

అదండీ సంగతి, మొత్తం వీడియో ఈ నట్టు గురించే అనుకోండి. ఇప్పుడు చూపిస్తా. ఈ నట్టుని ముందు రాడ్డు మర మీద ఎక్కించాలి, పైదాకా. తర్వాత రాడ్డుని బండిలోకి తిప్పాలి, చివరిదాకా పోనిచ్చి, ప్లేట్ తిన్నగా వచ్చేదాకా కొంచెం వెనక్కి తిప్పాలి, ఒక చుట్టు లోపే సరిపోతుంది. ఇప్పుడు రాడ్డు కదలకుండా పట్టుకుని ఈ నట్టుని లోపలికి తిప్పుకుంటూ పోతే బంపర్ వెనకాల మర ఉన్న ఆ ఇనప గొట్టం అంచుకి తగులుతుంది. తగిలాక ఇంకా బిగిస్తే అది రాడ్డుని బయటికి లాగుతుంది, రాడ్డు మర లోపలి మరని గట్టిగా అదుముకుంటుంది, మరకీ మరకీ మధ్య సందు ఉండదు. సందు లేకపోతే వణుకుడికి తిరగదు. రాడ్డు ఏ కోణంలో ఉందో అక్కడే తాళం పడినట్టు. ఇదే లేకుండా నేను ఫ్రీవే మీద తిరిగా.

చిక్కేంటంటే నట్టు కూర్చునే చోటు లోతుగా ఉంటుంది, మామూలు స్పానర్ పోదు. నాన్న ట్యూబ్ స్పానర్ ఉందా అన్నారు. అది మొత్తం గొట్టం కదా, రేకు తీసేసి రాడ్డు మీదుగా తొడిగితే నేరుగా నట్టు మీద కూర్చుంటుంది. కిట్‌లో అది ఇవ్వరు, నా కంప్లైంట్ ఇదొక్కటే, అరవై డాలర్లు తీసుకుని నట్టు ఇచ్చి దాన్ని తిప్పే సామాను ఇవ్వరు, కాగితంలో బొమ్మ ఉంది గానీ నట్టు ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. విడిగా కొన్నా.

రేకు వైపు చిన్న బోల్టులకి నీలం రంగు థ్రెడ్ లాకర్, అంటే మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, ఒక్క చుక్క వెయ్యండి. ఎరుపుది వద్దు, అది మళ్ళీ ఊడాలంటే బాగా వేడి చెయ్యాలి. రాడ్డుకి మాత్రం ఏ లాకరూ వద్దు, దారిలో బండి ఆగిపోతే టో హుక్ పెట్టాల్సింది అక్కడే కదా. మరకి కాస్త గ్రీజు రాయండి, తుప్పు పట్టి ఇరుక్కుపోకుండా. ఆఖర్న నాన్న ఇంకోటి చేశారు, మా ఆవిడ నెయిల్ పాలిష్ అడిగి నట్టు మీద నుంచి రాడ్డు మీదకి ఒక గీత గీశారు. నట్టు కదిలితే గీత విరుగుతుంది, టార్చి వేస్తే తెలిసిపోతుంది. ఇదిగో లోపల, ఎర్రగా, ఆరు నెలలైంది, గీత అట్లాగే ఉంది. ఆ ఒక్క స్టార్ రివ్యూ డిలీట్ చేశా.

చూడ్డానికి ఎలా ఉంటుందంటే, అది మీ ఇష్టం. చాలా ఆల్ఫా రోమియో కార్లకి కంపెనీ నుంచే ప్లేట్ పక్కకి ఉంటుంది, మధ్యలో ఆ త్రికోణం గ్రిల్ ఉంటుంది కాబట్టి, నాకైతే అది స్టైల్‌గానే అనిపిస్తుంది. లివర్‌మోర్ గుడికి తీసుకెళ్ళి బండికి పూజ చేయించినప్పుడు నాన్న మాత్రం, బొట్టు నుదుటి మధ్యలో పెడతారు గానీ కణత మీద పెడతార్రా అన్నారు.

మైనస్‌లు కూడా చెప్పేస్తా. పార్కింగ్‌లో ఎవరైనా మెల్లగా తగిలినా దెబ్బ నేరుగా రాడ్డు మీద, దాని వెనకున్న బీమ్ మీద పడుతుంది, లేదా రేకు వెనక్కి వంగి బంపర్‌ని గీస్తుంది, మామూలు బంపర్ అయితే కాస్త లోపలికి పోయి మళ్ళీ వచ్చేది. ఆటోమేటిక్ కార్ వాష్‌కి దీనితో వెళ్ళకండి, బ్రష్‌లు పట్టుకుని లాగుతాయి, నేను చేత్తోనే కడుగుతా. బంపర్‌లో రాడార్, పార్కింగ్ సెన్సర్లు ఉన్న బండైతే ప్లేట్ వాటికి అడ్డం రాకుండా చూసుకోండి, నా దాంట్లో ఆ గొడవ లేదు. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇదే బెస్ట్, నేను థండర్‌హిల్ రేస్ ట్రాక్‌కి వెళ్ళినప్పుడు ఐదు నిమిషాల్లో ఇది ఊడదీసి అదే మరలో టో హుక్ పెట్టుకున్నా, తిరిగి రోడ్డెక్కే ముందు మళ్ళీ ప్లేట్.

అన్నా ఇది హైదరాబాద్‌లో పనికొస్తుందా అని పోయిన షార్ట్ కింద చాలామంది అడిగారు. పనికిరాదు తమ్ముడూ. మన దగ్గర ఇప్పుడు హై సెక్యూరిటీ ప్లేట్లు, 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ అవే, స్నాప్ లాక్ వేసి బిగిస్తారు, అది బుద్ధి పుట్టినప్పుడు తీసి పెట్టుకునేది కాదు. పైగా కార్ల ముందు ప్లేట్ 500 మిల్లీమీటర్లకి 120, పొడుగ్గా ఉంటుంది, ఈ రేకు అమెరికా సైజుకి చేసింది.

కొత్త బండి బుక్ చేసినవాళ్ళకి ఒక్కటి, డెలివరీ ముందే డీలర్‌కి ఫోన్ చేసి ముందు బంపర్ డ్రిల్ చెయ్యొద్దు అని చెప్పండి, ఈమెయిల్ కూడా పెట్టండి. మా ఫ్రెండ్ ఒకతను నోటితో చెప్పి ఊరుకున్నాడు, వెళ్ళేసరికి రెండు బెజ్జాలు పెట్టి, పైగా ఫ్రీగా చేశాం సార్ అన్నారట.

మీ బండి ఏదో, ఏ ఇయరో కామెంట్లో పెట్టండి, మర ఏ వైపు తిరుగుతుందో నాకు తెలిసింది చెప్తా. నెక్స్ట్ వీడియో ఈ గీతకి టచప్ పెయింట్ వెయ్యడం, నాన్న దానికీ నెయిల్ పాలిషే చాలంటున్నారు, నేను ఒప్పుకోలేదు. ఉంటా.