2070 దాకా ఎదురుచూడాలా? తిరుపతిలోనే అడగాల్సిన లెక్క ఒకటి ఉంది

నమస్కారం.

2021 నవంబరు 1న గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ ప్రపంచానికి ఒక మాట ఇచ్చారు. 2070 నాటికి భారతదేశం నికర శూన్య ఉద్గారాల స్థాయికి, అంటే గాలిలోకి వదిలే భూతాప వాయువులూ తిరిగి పీల్చుకునేవీ సమానమయ్యే స్థితికి, చేరుతుందన్నారు. ఆ మాటకు మూడు వారాలు నిండకముందే తిరుపతి నీట మునిగింది. కపిలతీర్థం మీదుగా వరద ఉరికింది. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు.

ఆ ఒక్క వానకు భూతాపమే కారణమని నేను అనను. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మోసినదంతా ఒక్కసారిగా కుమ్మరించే రోజులు పెరుగుతాయి. అందుకే 2070 అంటే నాకు స్థిమితంగా ఉండదు. ఈరోజు మాట ఇచ్చినవాళ్లలో, ఫైళ్ల మీద సంతకాలు పెట్టినవాళ్లలో అప్పటికి పదవిలో ఉండేది ఎవరు? జవాబు చెప్పేది ఎవరు?

అంతకంటే దగ్గరి గడువు 2030. 2022 ఆగస్టులో మన దేశం సవరించుకున్న లక్ష్యాల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది, జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గించడం. మొత్తం ఉద్గారాలను తగ్గించడం కాదు, గమనించండి. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉందనుకుందాం. నిరుడు వంద టన్నుల గుజ్జుకు పది టన్నుల ఇంధనం కాల్చింది. ఈ ఏడు రెండు వందల టన్నులు తీసి, పదిహేను టన్నులు కాల్చింది. టన్నుకు లెక్కేస్తే పావు వంతు తగ్గింది. పొగ గొట్టంలోంచి వచ్చింది మాత్రం పెరిగింది. మన తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు కాబట్టి, ఇంకా ఎదగాల్సిన దేశానికి ఈ కొలత న్యాయమైనదనే నేను నమ్ముతాను. కానీ లక్ష్యం చేరామని విన్నప్పుడు దేన్ని కొలిచారో తెలిసి ఉండాలి.

రెండో లక్ష్యం దగ్గర ఇంకాస్త ఆగాలి. విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగిన దానిలో, సగం బొగ్గు, గ్యాసు, చమురు కాని వనరులదే కావాలన్నది ఆ లక్ష్యం. 2025 జూన్‌లోనే, గడువుకు ఐదేళ్ల ముందే, ఆ సగం దాటేశాం. గర్వపడాల్సిన విషయమే. మరి దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే ఎందుకు? మీ వీధిలో మిద్దె మీద మూడు కిలోవాట్ల సౌర పలకలు పెట్టిన ఇల్లు ఉంటే, ఒకసారి వెళ్లి మీటరు చూడండి. మధ్యాహ్నం పన్నెండింటికి అంకెలు పరుగు పెడతాయి. సాయంత్రం ఏడింటికి సున్నా. రోజు మొత్తం మీద వచ్చేది పన్నెండు యూనిట్ల చుట్టుపక్కల. అదే మూడు కిలోవాట్లు ఇరవై నాలుగు గంటలూ నడిస్తే డెబ్బై రెండు యూనిట్లు రావాలి. సామర్థ్యానికీ కరెంటుకూ మధ్య తేడా అదే. ఇంట్లో ఫ్యాన్లు, ఏసీలు, టీవీ అన్నీ కలిసి తిరిగేది సరిగ్గా ఆ సున్నా వేళకే. అప్పుడు ఆదుకునేది బొగ్గే.

ఇందులో మోసం ఏమీ లేదు. పెట్టుకున్న లక్ష్యమే సామర్థ్యానికి సంబంధించినది. అందుకే ఇకపై పెట్టే లక్ష్యం కరెంటు యూనిట్ల మీద ఉండాలి, ముఖ్యంగా సాయంత్రపు యూనిట్ల మీద. దానికి నిల్వ కావాలి: బ్యాటరీలు, పగటి కరెంటుతో నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు. ధరలూ మారాలి. ఎండ వేళల్లో కరెంటు ధర మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023లో కేంద్రం నిబంధనలు సవరించింది. తిరుమల ఘాట్ రోడ్డులో తిరిగే ఎలక్ట్రిక్ బస్సులనే చూడండి. దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది, ఎంత చక్కని ఏర్పాటో! వాటిని వీలైనంత వరకు మధ్యాహ్నం ఛార్జి చేసేలా సమయపట్టిక వేస్తే కొండ ఎక్కించేది ఎండే అవుతుంది. రాత్రి మాత్రమే ఛార్జి చేస్తే, ఆ పనిలో ఎక్కువ భాగం మళ్లీ బొగ్గుకే అప్పగించినట్టు.

వ్యవసాయ మోటార్లకు పగటి కరెంటు ఇవ్వడం ఎండతో బాగా కలిసే ఆలోచన. అయితే చిత్తూరు రైతుకు బోరు ఎంత లోతుకు పోయిందో తెలుసు. బొగ్గు మిగిల్చి భూగర్భ జలాన్ని ఖాళీ చేసే విధానం మనకు వద్దు. సోలార్ మోటారుతో పాటే బిందు సేద్యం రావాలి.

ఇక జవాబుదారీ. బ్రిటన్ 2008లోనే చట్టం చేసింది. ఐదేసి ఏళ్లకు ఇంతకు మించి ఉద్గారాలు వదలకూడదని పార్లమెంటు ముందుగానే ఆమోదిస్తుంది, స్వతంత్ర నిపుణుల కమిటీ ఏటా ప్రగతి నివేదిక ఇస్తుంది, ప్రభుత్వం దానికి సమాధానం చెప్పి తీరాలి. మనకు అలాంటి సమగ్ర చట్టం లేదు. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కుకు తగిన చట్టం రావాలి, త్వరగా రావాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఏటేటా కొలవగలిగిన ఒక మెట్టు ఇప్పటికే ఉంది. వాడకంలో పునరుత్పాదక కరెంటు (ఎండ, గాలి, నీరు వంటి తరగని వనరుల నుంచి వచ్చేది) వాటా 2024-25లో 29.91 శాతంతో మొదలై 2029-30 నాటికి 43.33 శాతానికి చేరాలని కేంద్ర విద్యుత్ శాఖ 2023లో పంపిణీ సంస్థలకు సంవత్సరాల వారీగా నిర్దేశించింది. మనకు కరెంటు ఇచ్చే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, తిరుపతిలోనే ఉంది. ఛార్జీల ప్రతిపాదనలపై రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది. అభ్యంతరాలు ఎవరైనా రాసి పంపవచ్చు. అక్కడ యూనిట్ ధర గురించి తప్పక అడగండి. దాంతోపాటు ఈ రెండూ రాయండి: ఈ ఏడాది మీరిచ్చిన కరెంటులో పునరుత్పాదక వాటా ఎంత శాతం, అందులో సాయంత్రం ఆరు తర్వాత ఇచ్చింది ఎంత?