మెల్లగా కొట్టకండి, తక్కువ ఎత్తండి

[దృశ్యం: గోల్ఫ్ మైదానం. గుంత దగ్గరి జెండాకి 50 గజాల దూరంలో బంతి. ఆటగాడు వెడ్జ్‌ని, అంటే బంతిని ఎత్తుగా లేపి తక్కువ దూరం పంపే క్లబ్‌ని, భుజం పైదాకా ఎత్తుతాడు. దించేటప్పుడు చేతులు తడబడతాయి. బంతి వెనకాల మట్టి లేస్తుంది. బంతి నాలుగడుగులు దొర్లి ఆగుతుంది.]

ఇతని వెడ్జ్ ఫుల్ స్వింగ్‌కి 100 గజాలు పోతుంది. కావాల్సింది 50. "మెల్లగా కొడితే సరి" అనుకున్నాడు. కానీ క్లబ్‌ని మాత్రం పూర్తిగా ఎత్తేశాడు. సగం దించాక "అమ్మో, ఎక్కువైపోతుందేమో" అని భయం. అక్కడ బ్రేక్ వేశాడు. నేనూ ఏళ్ల తరబడి ఇదే పని చేశాను లెండి.

[దృశ్యం: ఎదురుగా నిలబడ్డ ఆటగాడి మీద గడియారం బొమ్మ.]

నాసాలో పనిచేసి తర్వాత గోల్ఫ్ కోచ్‌గా మారిన డేవ్ పెల్జ్ దీనికి గడియారం లెక్క చెప్పాడు. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి ఆటగాడి తల 12, బంతి 6. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చెయ్యే ముల్లు. దాన్ని 7:30 దాకా, 9 దాకా, 10:30 దాకా ఎత్తడం అలవాటు చేసుకోవాలి. ఎంత ఎత్తినా లయ ఒకటే, దించేటప్పుడు వెనకాడేది లేదు. ఛాతీ జెండా వైపు తిరిగేదాకా స్వింగ్ ఆగకూడదు. ఒట్టి చేతులతో లాగితే ఒక్కోసారి ఒక్కో దూరం వస్తుంది.

9 గంటలంటే సగం దూరం అనుకునేరు! మామూలుగా సగం కంటే ఎక్కువే పోతుంది. అందుకే కొలుచుకోవాలి. ఒక్కో ఎత్తుకి పది బంతులు కొట్టండి. సరిగ్గా తగలనివి వదిలేయండి. బంతి దొర్లి ఆగిన చోటు కాదు, గాల్లోంచి మొదట నేలకి తాకిన చోటు చూసుకోండి. రేంజ్‌లో, అంటే ప్రాక్టీసు మైదానంలో, ఇచ్చే బంతులు చాలాసార్లు తక్కువ దూరం పోతాయి, కాబట్టి వీలైతే మీరు ఆడే బంతితోనే కొలవండి.

[దృశ్యం: వెడ్జ్ కడ్డీ మీద అంటించిన చిన్న చీటీ, దాని మీద మూడు అంకెలు.]

మూడు వెడ్జ్‌లుంటే తొమ్మిది దూరాలు చేతిలో ఉన్నట్టే. కొట్టాల్సిన దూరం రెండు అంకెల మధ్య వస్తే క్లబ్ పిడిని కాస్త కిందికి పట్టుకోండి, కొన్ని గజాలు తగ్గుతాయి. స్వింగ్ జోలికి పోవద్దు.

[దృశ్యం: అదే ఆటగాడు, అవే 50 గజాలు. చీటీ చూసి ఎక్కువ లాఫ్ట్ ఉన్న, అంటే ముఖం ఇంకా వెనక్కి వాలిన, వెడ్జ్ తీస్తాడు. ఎడమ చెయ్యి 9 దగ్గర ఆగుతుంది. "టక్" మన్న శబ్దం. బంతి జెండాకి రెండడుగుల ముందు పడుతుంది.]