మైనస్ ఎంత అని అడగకండి, గాలి ఎంత అని అడగండి!

నమస్తే అండి అందరికీ, కోనసీమలోని మలికిపురం నుంచి మాట్లాడుతున్నాను. ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. గడ్డకట్టిన నది బొమ్మ, దాని మీద ఎర్ర అక్షరాలతో మైనస్ 40, కింద "ఆర్కిటిక్ చలి దూసుకొస్తోంది, గోదావరి జిల్లాలకూ ముప్పు" అని. నాకు ఒక్క పూటలో పదకొండు మంది పంపారు. అందులో ఇద్దరు రైతులు, ఒకరు రిటైరైన మాస్టారు. మాస్టారైతే ఫోన్ చేసి మరీ అడిగారు, "బాబూ, రగ్గులు కొనాలా?" అని.

ముందు ఆ "గోదావరి జిల్లాలకూ ముప్పు" అనే ముక్క తేల్చేస్తాను, ఎందుకంటే అది పచ్చి అబద్ధం. అమెరికా ఉత్తర రాష్ట్రాలకు, కెనడాకు ఆర్కిటిక్ చలి, అంటే ఉత్తర ధ్రువం చలి, నేరుగా దిగిపోతుంది, మధ్యలో అడ్డంగా ఒక్క పర్వతం ఉండదు కాబట్టి. మనకు నెత్తిన హిమాలయాలున్నాయి. ఆ గోడ దాటి ఆర్కిటిక్ గాలి మా ఊరి దగ్గరి చించినాడ వంతెన దాకా రాదు. రాదంటే రాదు. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వీడియోలో నాకు ఒళ్లు మండింది ఎక్కడో తెలుసా? పన్నెండు నిమిషాల వీడియోలో మైనస్ 40, మైనస్ 40 అని లెక్కలేనన్ని సార్లు అన్నారు. గాలి ఎంత వేగంతో వస్తుందో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక్కసారి కూడా! చలి హెచ్చరికలో గాలి చెప్పకపోతే, తుపాను హెచ్చరికలో గాలి చెప్పనట్టే. నేను అనేది ఇదే, ఈ వీడియో అంతా ఇదే అంటాను: థర్మామీటర్ అంకె భయపెడుతుంది, ప్రాణం తీసేది గాలి.

మా వీధి చివర ఒక పిన్ని ఉంది. వాళ్లబ్బాయి కెనడాలో చదువుతున్నాడు. రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని, ఫోన్‌లో వాడి ఊరి ఉష్ణోగ్రత చూసుకుంటుంది. మొన్న నేను అటు వెళ్తుంటే పిలిచింది. మొహం వెలిగిపోతోంది. "నిన్న మైనస్ 20 అన్నాడు బాబూ, ఇవాళ మైనస్ 14 చూపిస్తోంది. చలి ఆరు డిగ్రీలు తగ్గిందిగా, గండం గడిచినట్టేనా?" అంది. నేను ఆవిడ ఫోన్ తీసుకుని వేలితో కిందకు జరిపాను. అదే పేజీలో, చాలా కింద, సన్నటి బూడిద రంగు అక్షరాల్లో ఉంది: గాలి గంటకు 50 కిలోమీటర్లు. ముందు రోజు 5 కిలోమీటర్లే.

అక్కడే గుమ్మం మీద కూర్చుని లెక్క వేశాను. మైనస్ 20, గాలి 5 అయితే ఒంటికి తగిలే చలి మైనస్ 24 కింద లెక్క. మైనస్ 14, గాలి 50 అయితే మైనస్ 27! థర్మామీటర్ ఆరు డిగ్రీలు మెరుగైంది, పిల్లాడి మొహానికి మాత్రం మూడు డిగ్రీలు దిగజారింది. పిన్ని సంతోషపడిన రోజే వాడికి ఎక్కువ ప్రమాదమైన రోజు. మైనస్ 28కి చేరిందంటే కప్పుకోని చెవి, ముక్కు అరగంటలోపే మంచు కొరుకుడికి దెబ్బతినొచ్చు. ఫ్రాస్ట్‌బైట్ అంటారే, అది. వాడికి కారు లేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి. పిన్ని ఇక్కడి నుంచి పంపిన మంకీ క్యాప్ సిగ్గేసి సూట్‌కేసులోనే పెట్టేశాడట. ఆవిడ వెంటనే ఫోన్ కలిపి, "ఒరేయ్ నాన్నా, ముందది పెట్టుకుని కదులు" అని గట్టిగా అరిచింది. నాకు కళ్లు చెమర్చాయండి.

గాలి వల్ల ఒంటికి తగిలే ఈ చలినే విండ్ చిల్ అంటారు. కోనసీమ వాళ్లకు ఇది చెప్పడం చాలా సులువు, కొబ్బరి నూనె సీసా చాలు. ధనుర్మాసంలో పొద్దున్నే సీసాలో నూనె పేరుకుంటుంది కదా? సుమారు 24 డిగ్రీలు దిగితే గడ్డకడుతుంది. మన ఇళ్లలో థర్మామీటర్ అదే, మా నాయనమ్మ దాన్ని పొయ్యి పక్కన పెట్టి కరిగించి నాకు తల అంటేది. ఇప్పుడు ఎండాకాలంలో ఆ సీసా ముందు ఫ్యాన్ పెట్టండి. రోజంతా తిప్పండి. నూనె పేరుకోదు. అదే ఫ్యాన్ ముందు మీరు నిలబడితే చల్లగా తగులుతుంది. ఎందుకు? సీసాకు సొంత వేడి లేదు, మీకు ఉంది. మన ఒళ్లు తన చుట్టూ పల్చటి వెచ్చటి గాలి పొరను కప్పుకుని ఉంటుంది. గాలి వీస్తే ఆ పొరను ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది. కళ్లంలో ధాన్యం తూర్పార పడితే పొట్టు ఎలా ఎగిరిపోతుందో అలా. ఒళ్లు మళ్లీ వేడి పుట్టించాలి, మళ్లీ పోతుంది. చివరికి అలిసిపోతుంది.

ఈ లెక్క ఎలా పుట్టిందో వింటే మీకు ముచ్చటేస్తుంది. 1940 ప్రాంతాల్లో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో ఉండి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి ఆరుబయట వేలాడదీశారు. గాలి పెరిగేకొద్దీ ఆ నీళ్లు ఎంత త్వరగా గడ్డకడుతున్నాయో రాసుకున్నారు. అరవై ఏళ్లు దాదాపు అదే లెక్క. తర్వాత, మనిషి మొహం ప్లాస్టిక్ గొట్టం కాదు కదా అని, కెనడాలోని టొరంటోలో పన్నెండు మందిని, ఆరుగురు మగవాళ్లు, ఆరుగురు ఆడవాళ్లు, చల్లటి గాలి సొరంగంలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి, మొహాలకు సెన్సర్లు అంటించి కొలిచారు. 2001 నుంచి అమెరికా, కెనడా రెండూ వాడుతున్న లెక్క అది. పన్నెండు మంది చెంపల మీద గాలి కొట్టించుకుని కనిపెట్టిన అంకె అండి! దాన్ని తీసుకెళ్లి యాప్‌లో అట్టడుగున బూడిద రంగులో పెడతారా?

ఇంకా విడ్డూరం వినండి. అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ ఇన్నాళ్లూ "విండ్ చిల్ వార్నింగ్" అని ఇచ్చేది. 2024 అక్టోబరు నుంచి ఆ పేరు మార్చి "ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్" అన్నారు. గాలి అనే మాటే పేరులోంచి తీసేశారు! వాళ్లు చెప్పే కారణం, గాలి లేకపోయినా చలి ప్రమాదమే, జనానికి అది అర్థం కావాలి అని. లోపల లెక్కలో గాలి ఇంకా ఉంది, ఒప్పుకుంటాను. కానీ జనం చదివేది పేరు. పేరులో గాలి ఉంటే కనీసం "గాలి ఎంతో చూద్దాం" అనుకునేవాళ్లు. ఇప్పుడు అందరూ మైనస్ వెనకే పరుగు. నాకైతే ఇది తప్పు నిర్ణయం, గట్టిగానే అంటున్నాను.

రుజువు కావాలా? బఫెలో. 2022 డిసెంబరు, క్రిస్మస్ ముందు. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఊరు. బఫెలో చరిత్రలో అంతకంటే ఎంతో చల్లటి రోజులున్నాయి. కానీ ఆ రెండు మూడు రోజులు గంటకు 110 కిలోమీటర్లు దాటిన గాలి, ఎదురుగా ఉన్న చెయ్యి కనపడనంత మంచు. ఆ మంచు తుపాను ఏకధాటిగా 37 గంటలు. అంబులెన్సులే రోడ్డు మధ్యలో ఇరుక్కుపోయాయి. ఆ ఊరున్న ఈరీ కౌంటీలోనే, మన జిల్లా లాంటిది, 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు నడుస్తూ నడుస్తూ కాలిబాట మీదే. ఇంకొకటి చెప్పనా? అమెరికా వాతావరణ శాఖ "బ్లిజార్డ్" అని దేన్ని అంటుందో తెలుసా? గాలి గంటకు 56 కిలోమీటర్లు దాటాలి, కురిసే, ఎగిరే మంచుకు 400 మీటర్ల అవతల ఏమీ కనపడకూడదు, అది కనీసం మూడు గంటలు ఉండాలి. ఆ నిర్వచనంలో ఉష్ణోగ్రత అనే మాటే లేదు. అక్కడి పెద్ద చలి తుపానుకు కొలత గాలి. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే కదా!

డల్లాస్ వాళ్లు కామెంట్లలో కొడతారు, "మరి 2021 ఫిబ్రవరి సంగతి ఏంటి" అని. అది వేరండి. ఆ ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 19 వచ్చింది, టెక్సస్‌లో 240 మందికి పైగా పోయారు, కానీ అక్కడ దెబ్బ కొట్టింది కరెంటు. లక్షల ఇళ్లలో హీటర్ లేదు. దానికి వేరే వీడియో చేస్తాను.

ఇప్పుడు నా సిద్ధాంతం. ఇది ఏ యాప్‌లోనూ దొరకదు. ఆర్కిటిక్ చలి వచ్చే తీరు చూడండి. ముందు ఆ చల్లటి గాలి ముందంచు తోసుకొస్తుంది. అప్పుడు ఒక పక్క అధిక పీడనం, ఒక పక్క అల్పపీడనం, మధ్యలో గాలి నలిగిపోయి ఈదురుగా కొడుతుంది. ఆ రోజు థర్మామీటర్ ఇంకా దిగుతూనే ఉంటుంది. మర్నాడో, ఆ మర్నాడో అధిక పీడనం వచ్చి నెత్తిన కూర్చుంటుంది. గాలి పడిపోతుంది, ఆకాశం తేటగా ఉంటుంది, నేల వేడంతా పైకి పోతుంది, అప్పుడు వస్తుంది ఆ మైనస్ 30, రికార్డు అంకె. అంటే చాలాసార్లు థంబ్‌నెయిల్‌లో పెట్టే అంకె వచ్చేది గాలి ఆగాక! ప్రమాదం దానికి ముందు రోజే మొదలైపోయి ఉంటుంది. జనం మైనస్ 30 రోజున ఇంట్లో కూర్చుంటారు, అంతకు ముందు రోజు మైనస్ 12 అని చూసి ధైర్యంగా బయటకు వెళ్తారు.

మనకు ఇది కొత్తా? పుష్యమాసంలో ఏ రాత్రి కొబ్బరాకు కదలదో, ఆ తెల్లారే కదా చలి ఎక్కువ. గాలి ఆడితే మంచు పట్టదు, గాలి ఆగితే చించినాడ వంతెన మీద ముందు బండి ఎర్ర లైటు కూడా కనపడదు. నేను పోయిన సంక్రాంతి ముందు ఆ వంతెన మీద బైక్ దిగి నడిపించుకుంటూ వచ్చాను, వశిష్ట గోదావరి కింద ఉందో లేదో తెలియలేదు, పడవ ఇంజను చప్పుడు మాత్రం వినపడుతోంది. మనకు గాలి ఆగడం చలి. వాళ్లకు గాలి రావడం చావు. ఈ తేడా ఆ వీడియో చేసినాయనకు తెలియదు.

అసలు గాలి గురించి మన దగ్గర నేర్చుకోవాలండి. 1996 నవంబరు 6, కోనసీమ తుపాను. నాకు తొమ్మిదేళ్లు. మా పెంకుటింటి మీద పెంకులు వరసకు వరస లేచిపోతుంటే, మా నాన్న మమ్మల్ని మంచం కిందకు తోసి, తలుపుకు రోకలి అడ్డం పెట్టి దాని మీద వీపు ఆనించి నిలబడ్డాడు. తెల్లారి బయటకు వస్తే తోటలో చెట్లు లేవు, మొదళ్లు ఉన్నాయి. వెయ్యి మందికి పైగా పోయారు ఆ తుపానులో. ఆ రాత్రి ఉష్ణోగ్రత ఎంత అని కోనసీమలో ఎవరినైనా అడగండి. ఎవరికీ తెలియదు. గాలి ఎటు నుంచి మొదలైంది, ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎటు నుంచి తిరగబడింది, అన్నీ చెప్తారు. గాలి ఆగిందని బయటకు రావద్దు, అది తుపాను కన్ను అని ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు.

అందుకే మన తుపాను హెచ్చరికలో గాలి ఎంతో తప్పకుండా ఉంటుంది. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు చూశాం కదా: గంటకు 90 నుంచి 100, ఈదురుగాలి 110. ఆ గాలికి ఏం జరుగుతుందో కూడా చెప్తారు. గుడిసెలకు ఏమవుతుంది, చెట్లకు ఏమవుతుంది, కరెంటు స్తంభాలకు ఏమవుతుంది అని. చలి హెచ్చరిక కూడా అచ్చం ఇలాగే రాయాలి అంటాను నేను. పిన్ని వాళ్లబ్బాయి ఊరికి నేనైతే ఇలా రాస్తాను, వినండి: "రేపు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు వాయవ్యం నుంచి గంటకు 50 కిలోమీటర్ల గాలి. మొహం, చెవులు కప్పుకోకుండా బస్టాపులో పావుగంట మించి నిలబడవద్దు. చెట్టు కొమ్మల కింద, కరెంటు తీగల కింద ఆగవద్దు. ఉష్ణోగ్రత మైనస్ 14." చివర, అంకె. ఆ వరసలో చెప్తే పిన్నికి అర్థం కాదా? అవుతుంది.

ఇక ఆ ఇద్దరు రైతులకు ఒక మాట. ఆర్కిటిక్ గురించి టెన్షన్ పడకండి, దాళ్వా, అంటే రెండో పంట వరి, నారుమడి చూసుకోండి. మన తీరంలో 15 డిగ్రీలకు దిగి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖ లెక్కలో అదే చలిగాలులు. అంత రాకపోయినా గాలి ఆగిన రాత్రుళ్లు నారు పసుపు తిరుగుతుంది, ఎదగదు. రాత్రి మడిలో నీళ్లు ఉంచండి, తెల్లారగానే ఆ చల్లటి నీళ్లు తీసేసి కాలువ నీళ్లు కొత్తగా పెట్టండి. ఇది మీ తాతలు చేసిందే, నేను గుర్తు చేస్తున్నాను అంతే.

మాస్టారూ, రగ్గు కొనకండి. ఉన్నది చాలు.

మీ పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి ఒకటే అడగండి, రేపు గాలి ఎంత, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. ఊరు పేరు, ఉష్ణోగ్రత, గాలి వేగం కామెంట్లో పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి లైవ్‌లో ఒక్కొక్క ఊరికీ లెక్క వేసి చదువుతాను. పిన్ని కూడా నా పక్కనే కూర్చుంటానంది. మొదటి లెక్క వాళ్లబ్బాయిదే.