పియానో మాస్టర్ క్లాస్‌కు ఎలా సిద్ధం కావాలి? నల్లగొండ, పాలమూరు కీబోర్డ్ ప్లేయర్ల కోసం

[తెర మీద: ఇంట్లో స్టాండు మీద 61 కీల కీబోర్డ్. తర్వాత మూత తెరిచిన గ్రాండ్ పియానో.]

నమస్తే. పగలంతా ఉద్యోగమో వ్యాపారమో చేసుకుని, రాత్రి భోజనాలయ్యాక కీబోర్డ్ ముందు కూర్చునేవాళ్ళ కోసం ఈ వీడియో. నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో, వనపర్తిలో అలాంటివాళ్ళు ఉన్నారు. కొందరు చర్చిలో ఆదివారం ఆరాధనకు వాయిస్తూ నేర్చుకున్నారు. కొందరు పిల్లల్ని క్లాసులో దింపడానికి వెళ్ళి, తామూ చేరిపోయారు. వీళ్ళలో ఎవరికైనా హైదరాబాద్‌లో ఒక పియానో మాస్టర్ క్లాస్‌లో వాయించే అవకాశం వస్తే ఏం చేయాలి? నలభై ఏళ్ళు దాటాక ఇవన్నీ మనకెందుకని వెనక్కి తగ్గేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో 1999 నుంచి పియానిస్ట్ వ్యాన్ క్లైబర్న్ పేరు మీద అమెచ్యూర్ పియానో పోటీలు, అంటే వృత్తిగా కాక ఇష్టంతో వాయించేవాళ్ళ పోటీలు జరుగుతున్నాయి. వాటిలో పాల్గొనాలంటే 35 ఏళ్ళు నిండి ఉండాలి. కాబట్టి వయసు సంగతి పక్కన పెడదాం.

మాస్టర్ క్లాస్‌లో జరిగేది ఇది. అనుభవమున్న ఒక పియానిస్ట్ వస్తారు. మీరు స్టేజి మీద ఒక పీస్ వాయిస్తారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో, అందరూ చూస్తుండగా, ఆ పీస్ మీద మీతో పని చేయిస్తారు. కింద కూర్చున్నవాళ్ళు కూడా నేర్చుకుంటారు. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు పియానిస్ట్, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్. 1869 నుంచి 1886లో చనిపోయేదాకా ఏటా కొన్ని నెలలు జర్మనీలోని వైమార్‌లో ఉండి నేర్పాడు. శిష్యులు తాము తెచ్చిన నోట్స్, అంటే స్వరాలు రాసిన కాగితాలు, పియానో మీద పెట్టేవాళ్ళు. ఆయన వాటిలోంచి ఒకటి తీసి, అది ఎవరిదో వాళ్ళను పిలిచి వాయించమనేవాడు. ఫీజు తీసుకోలేదు. వేళ్ళ కసరత్తు మాత్రం ఇంట్లోనే పూర్తి చేసుకుని రావాలి, తన దగ్గర మాట్లాడేది సంగీతం గురించే అన్నట్టు ఉండేవాడు.

ఇప్పటికీ పరిస్థితి అదే. ఇది పరీక్ష కాదు, మార్కులుండవు. కచేరీ కూడా కాదు. టీచర్ రెండు బార్లు (నోట్స్‌లో నిలువు గీతల మధ్య ఉండే ముక్కలు) వినగానే ఆపి, “ఇదే చోటు ఇంకా మెల్లగా, ఎడమ చెయ్యి దాదాపు వినపడనంతగా వాయించండి” అంటారు. అప్పటికప్పుడు అలా మార్చి వాయించగలగాలి. ఒకే వేగంలో, ఒకే రకంగా వందసార్లు బట్టీ పట్టిన చేతులు మారమంటే మారవు. అందుకే నేను చెప్పే తయారీ అంతా ఒక్క దాని చుట్టే తిరుగుతుంది: పీస్‌ను ఎటు కావాలంటే అటు తిప్పగలిగేలా నేర్చుకోవడం.

[తెర మీద: షోపాన్ ప్రెల్యూడ్, ఓపస్ 28, నంబర్ 4 మొదటి పేజీ.]

ముందు పీస్ ఎంచుకోవాలి. మీకు వచ్చినవాటిలో కష్టమైనది వద్దు. మొన్ననే నేర్చుకున్నది అసలే వద్దు. కొన్ని నెలలుగా చేతిలో ఉన్నది, రెండు మూడు నిమిషాలకు మించనిది తీసుకోండి. ఉదాహరణకు స్వరకర్త షోపాన్ ‘ఈ మైనర్’ (E minor) స్కేల్‌లో రాసిన ప్రెల్యూడ్ అనే చిన్న పీస్. ఓపస్ 28 అనే నంబరుతో వచ్చిన సంపుటిలో నాలుగోది, 1839లో అచ్చయింది. మొత్తం 25 బార్లే. కుడిచేతిలో రాగం మొదట్లో బి, సి అనే రెండు స్వరాల మధ్యే ఊగుతుంది. కింద ఎడమచేతి కార్డ్‌లు (కలిపి నొక్కే స్వరాలు) ఒక్కో స్వరం అర మెట్టు చొప్పున, అంటే పక్క కీకి, దిగుతూ పోతాయి. 16, 17 బార్ల దగ్గర ఒక్కసారి ఉప్పొంగి, మళ్ళీ తగ్గి, చివరి మూడు కార్డ్‌లు అతి తక్కువ శబ్దంతో ముగుస్తాయి. 1849లో ప్యారిస్‌లో షోపాన్ అంత్యక్రియలప్పుడు మాద్లెన్ చర్చిలో దీన్ని ఆర్గన్ మీద వాయించారు. వేళ్ళకు పెద్ద కష్టం లేదు. కానీ అంత మంచి టీచర్ ఎదురుగా ఉన్నప్పుడు దీని మీద గంటసేపు పని చేసినా పని మిగిలే ఉంటుంది. చిన్న పీస్ తీసుకుంటే చిన్నతనం అనుకోకండి. యూట్యూబ్‌లో చూసి వేగంగా పరిగెత్తే పీస్ పట్టుకెళ్తే, ఆ అరగంటా వేళ్ళు జారిన చోట్లు సరిచేయడానికే సరిపోతుంది.

నోట్స్ ఎక్కడివంటే, షోపాన్ కాపీరైట్ ఎప్పుడో ముగిసింది కాబట్టి ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే పాత ఎడిషన్లలో వేళ్ళ నంబర్లు, పెడల్ గుర్తులు, కొన్నిసార్లు పెంచమని తగ్గించమని చెప్పే గుర్తులు కూడా ఎడిటర్లు కలిపినవి ఉంటాయి. వీలైతే ఉర్‌టెక్స్ట్ ఎడిషన్, అంటే స్వరకర్త రాసినదాన్నే ఇవ్వడానికి ప్రయత్నించేది, ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి. “ఈ గుర్తు షోపాన్ రాసిందేనా?” అని టీచర్ అడిగే అవకాశం ఉంది.

[తెర మీద: కీబోర్డ్ మీద ట్రాన్స్‌పోజ్ బటన్ క్లోజప్.]

ఇక మన ప్రాంతంవాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మనలో ఎక్కువమంది నేర్చుకున్నది కీబోర్డ్ మీద, వాయించబోయేది పియానో మీద. రెండూ చూడటానికి ఒకటే కానీ, టీవీఎస్ మోపెడ్ నడిపినవాళ్ళకు ట్రాక్టర్ స్టీరింగ్ ఇచ్చినట్టుంటుంది.

మొదటిది, ట్రాన్స్‌పోజ్ బటన్. పాడేవాళ్ళు శ్రుతి మార్చమంటే బటన్ నొక్కి, చేతులు మాత్రం అవే కీల మీద ఉంచే అలవాటు చర్చిలో, ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళకు బాగా ఉంటుంది. పియానోకు ఆ బటన్ లేదు. పీస్‌ను అది రాసిన స్కేల్‌లోనే, నల్ల కీలు ఎన్ని ఉంటే అన్నిటితో నేర్చుకోవాలి. ఇవాళ్టి నుంచే ట్రాన్స్‌పోజ్ సున్నాలో పెట్టండి. రిథమ్ స్టైల్ కూడా ఆపేయండి. వెనక తబలా, డ్రమ్స్ నడుస్తుంటే లయ మనదే అనిపిస్తుంది, ఆపగానే తెలుస్తుంది అది ఎవరిదో. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. చెవితో పట్టుకుని వాయించే శక్తి మనవాళ్ళకున్నంతగా పుస్తకం చూసి నేర్చుకున్న చాలామందికి ఉండదు, అది అక్కడ పనికొస్తుంది కూడా.

రెండోది, బరువు. మామూలు కీబోర్డ్‌లో కీ కింద స్ప్రింగ్ ఉంటుంది. అసలు పియానోలో కీ నొక్కితే లోపల కొయ్య భాగాలు కదిలి, ఉన్ని చుట్టిన సుత్తి ఎగిరి తీగను కొడుతుంది. కీ దాదాపు పది మిల్లీమీటర్లు దిగుతుంది, దించడానికి సుమారు 50 గ్రాముల బరువు కావాలి. శబ్దం ఎంత పెద్దగా వస్తుందనేది ఆ సుత్తి వేగం మీద ఆధారపడుతుంది. ఇక్కడే ఒక చిక్కు. కీని మరీ మెల్లగా దించితే సుత్తి తీగదాకా వెళ్ళదు, శబ్దమే రాదు. ఆ ప్రెల్యూడ్ చివరి కార్డ్‌లో మూడు స్వరాలు పలికి ఒకటి మూగబోతే కారణం ఇదే. వేలి కొసతో గిల్లినట్టు కాకుండా, భుజం నుంచి చేతి బరువు వదులుతూ కీ అడుగుదాకా వెళ్ళాలి. తక్కువ శబ్దంతో వాయించేటప్పుడూ అంతే.

మూడోది, పెడల్. మన దగ్గరుండే చిన్న నల్ల పెడల్ నేల మీద జారిపోతూ ఉంటుంది, నొక్కితే ఆన్, వదిలితే ఆఫ్. పియానోలో కుడి పెడల్ తొక్కితే తీగల మీదున్న డ్యాంపర్లన్నీ (మోతను ఆపే మెత్తలు) లేస్తాయి. సగం తొక్కితే సగం మోత, అక్కడ అంచెలంచెలుగా ఉంటుంది. కార్డ్ మారేటప్పుడు వరస ఇలా ఉండాలి: కొత్త కార్డ్ చేతులతో నొక్కుతున్న క్షణంలో పాదం పైకి, కొత్త శబ్దం వినపడ్డాక మళ్ళీ కిందకు. చేతులూ పాదమూ కలిసి దిగితే పాత కార్డ్ కొత్తదాంట్లో కలిసి గజిబిజి అవుతుంది. మన ప్రెల్యూడ్‌లో కార్డ్‌లు అర మెట్టు తేడాతో మారుతుంటాయి కాబట్టి ఈ గజిబిజి వెంటనే తెలిసిపోతుంది. మడమ నేల మీద ఆనించి, పాదం ముందు భాగంతోనే తొక్కండి. చెప్పులు లేకుండా ప్రాక్టీస్ చేసి బూట్లతో స్టేజి ఎక్కితే పాదానికి పెడల్ కొత్తగా ఉంటుంది. ఏవి వేసుకుని వెళ్తారో వాటితోనే ఇంట్లో వాయించండి.

నాలుగోది, పొడవు. పియానోకు 88 కీలు, ఏడు ఆక్టేవ్‌ల పైచిలుకు. మనకున్నవి 61, అయిదు ఆక్టేవ్‌లు. మీ పీస్‌లోని అతి కింది స్వరం, అతి పై స్వరం మీ బోర్డులో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఇంకో సంగతి, మధ్య సి ఎక్కడుందో వెతుక్కునే పని రాకుండా, పియానో మీద పేరు రాసి ఉండే చోటుకు ఎదురుగా కూర్చోవడం అలవాటు చేసుకోండి.

అందుకే నా సలహా: మాస్టర్ క్లాస్‌కు ముందు కనీసం రెండు మూడుసార్లు అసలు పియానో మీద వాయించండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే. అక్కడి మ్యూజిక్ స్కూళ్ళకు ఫోన్ చేసి, గంటసేపు పియానో గది అద్దెకు ఇస్తారా అని అడగండి. చాలామంది మొహమాటపడి అడగరు. అడిగితే పోయేదేమీ లేదు. ఆ గంటలో పీస్ మొదటి నుంచి చివరిదాకా పదిసార్లు వాయించకండి. తక్కువ శబ్దంతో వాయించే చోట్లు, పెడల్ మారే చోట్లు, ఈ రెండే చూసుకోండి. కుదరనివాళ్ళు 88 వెయిటెడ్ కీల (పియానోలా బరువుండే కీల) డిజిటల్ పియానో ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్ళినా చాలా మేలు.

[తెర మీద: నోట్స్ పేజీ. ప్రతి బార్ మీద పెన్సిల్‌తో నంబర్.]

ఇప్పుడు తిప్పగలిగేలా నేర్చుకోవడం. బార్లకు నంబర్లు వేయండి. ఇంట్లో ఎవరినైనా 1 నుంచి 25 లోపు ఒక నంబర్ చెప్పమనండి. వాళ్ళు 13 అంటే 13వ బార్ నుంచి మొదలుపెట్టండి. అంతకుముందు నుంచి ఊపులో వస్తేనే వచ్చే చోటు ఏదో వెంటనే బయటపడుతుంది. మన ఇళ్ళలో పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది, ఎనిమిదేళ్ళ పాప కూడా పరీక్ష పెట్టగలదు. తర్వాత ఎడమచెయ్యి ఒక్కటే, నోట్స్ చూడకుండా. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళకు రాగం గుర్తుంటుంది, కింద కార్డ్‌లే మాయమవుతాయి.

ఆ తర్వాత అసలు పని. ఒకే వాక్యాన్ని, అంటే నాలుగు బార్ల ముక్కని, రకరకాలుగా వాయించండి. ఒకసారి సి మీదకు పెరుగుతూ, ఒకసారి అదే సి దగ్గర తగ్గుతూ. ఒకసారి ఎడమచెయ్యి ఊపిరంత తేలిగ్గా, ఒకసారి ఎడమచేతి కార్డ్‌లో పై స్వరం వినపడేలా, ఇంకోసారి అడుగు స్వరం వినపడేలా. దీన్నే టీచర్లు వాయిసింగ్ అంటారు. సగం వేగంలో వాయించండి, అలా వాయించినా పాటలా ఉండాలి. ఇన్ని రకాలు చేశాక మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పగలిగితే మీ తయారీ చాలావరకు అయినట్టే. ఎందుకంటే చాలామంది టీచర్లు మొదట అడిగేది “ఇక్కడ మీరు ఏమనుకుని వాయించారు?” అనే.

టెన్షన్ గురించి కొంచెం. చేతులు చల్లబడటం, వణకడం అందరికీ ఉంటుంది. దానికి మందు జనం ముందు వాయించడమే. ఆరాధన అయ్యాక చర్చిలో ఉన్న పదిమంది ముందు, ఇంటికొచ్చిన చుట్టాల ముందు, ఆఫీసువాళ్ళ ముందు వాయించండి. పొద్దున్నే లేచి, వేళ్ళు వేడెక్కకుండానే ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. స్టేజి మీద మీకు దొరికేది ఆ మొదటిసారే.

[తెర మీద: రెండు సెట్ల నోట్స్, పెన్సిల్, ఫోన్.]

వెళ్ళే రోజు రెండు సెట్లు తీసుకెళ్ళండి, ఒకటి మీకు, ఒకటి టీచర్‌కు. రెండిటి మీదా బార్ నంబర్లు ఉండాలి. ల్యామినేషన్ చేయించకండి, స్టేజి లైట్లకు మెరిసి ఏమీ కనపడదు. రికార్డ్ చేసుకోవచ్చా అని నిర్వాహకులను ముందే అడగండి. స్టేజి మీద కూర్చోగానే బెంచ్ ఎత్తు సరిచేసుకోండి. మోచేయి కీలకు దాదాపు సమానంగా ఉండాలి. తొందరేమీ లేదు, అందరూ ఆగుతారు.

టీచర్ ఏదైనా చెప్పినప్పుడు “ఇంట్లో బాగానే వచ్చింది సార్” అనడం మనలో చాలామందికి నోటి చివర ఉంటుంది. దాని బదులు వెంటనే చేతులు కీల మీద పెట్టండి. ఇంగ్లీషులో చెప్పింది అర్థం కాకపోతే “ఒకసారి వాయించి చూపిస్తారా మేడమ్?” అనండి. అలా అడిగితే టీచర్లు సంతోషిస్తారు, కిందున్నవాళ్ళకూ మేలు. చెప్పింది తప్పనిపించినా ఆ అరగంటకు నమ్మి చేసి చూడండి. ఇంటికెళ్ళాక ఉంచుకోవాలో వద్దో మీ ఇష్టం. అడగాల్సిన ప్రశ్న ఒక్కటి ముందే రాసుకెళ్ళండి, “ఎలా వాయించాను?” లాంటిది కాకుండా, “17వ బార్‌లో శబ్దం పెంచితే గరుకుగా వస్తోంది, చేతిని ఎలా పెట్టాలి?” లాంటిది.

ఆ రోజు మీ వంతు అయ్యాక కూడా కూర్చోండి, మిగతావాళ్ళవి వినండి. తిరుగు బస్సులో, చౌటుప్పల్ వచ్చేలోపో షాద్‌నగర్ వచ్చేలోపో, గుర్తున్నదంతా నోట్స్ మీదే రాసేయండి. రాత్రికి సగం మర్చిపోతాం. మర్నాడు రికార్డింగ్ పెట్టుకుని ముందు టీచర్ వాయించి చూపించిన చోట్లు వినండి, తర్వాతే మీవి. విన్నవాటిలోంచి ఒక్క మార్పు తీసుకుని, ఆ వారమంతా ఆ నాలుగు బార్ల మీదే కూర్చోండి. మిగతావి తర్వాతి వారాల్లో చూడొచ్చు.