మోటుపల్లి రేవులో రాజు ఇచ్చిన మాట

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు మీకు ఒక రాయి గురించి చెబుతాను. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, సముద్రానికి దగ్గరగా, మోటుపల్లి అనే ఊరు ఉంది. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో ఒక రాతి స్తంభం మీద కాకతీయ గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166 నాటిది, అంటే క్రీస్తు శకం 1244. దీన్ని మోటుపల్లి అభయ శాసనం అంటారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఈ పేరు కంఠతా వచ్చు. శాసనం పేరు, వేయించిన రాజు, సంవత్సరం. అంతవరకే వచ్చు. ఆ రాతి మీద అసలు ఏం రాసి ఉందో చదివినవాళ్లు తక్కువ. శాసనాలు చదవడమే పనిగా పెట్టుకున్న నాకు అది మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ కాసేపూ ఆ ఒక్క రాయి దగ్గరే కూర్చుందాం.

గాలివాన అంటే ఏమిటో మన కోస్తా వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలోనూ ఉండవచ్చు. అదే తీరం. అదే సముద్రం. ఇప్పుడు ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లండి. ఎక్కడో దూరదేశం నుంచి ఒక తెరచాప ఓడ బయలుదేరింది. అందులో కర్పూరం ఉంది, పట్టు ఉంది, రాగి ఉంది. ఒక వర్తకుడి జీవితకాలపు సంపాదన మొత్తం అందులోనే ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. తెరచాప చిరిగింది, ఓడ పగిలింది. సగం సరుకు నీళ్లపాలైంది. మిగిలింది అలలతో కొట్టుకొచ్చి మన ఒడ్డున పడింది. వర్తకుడు ఎలాగో ప్రాణాలతో ఇసుక మీదికి పాకాడు.

ఇప్పుడు చెప్పండి, ఒడ్డున పడి ఉన్న ఆ సరుకు ఎవరిది?

మనమైతే వెంటనే, ఆ వర్తకుడిదే కదా అంటాం. ఆనాటి ఆచారం అలా అనలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చినదంతా రాజుగారిది. రాజభటులు వచ్చి పట్టుకుపోతారు. సముద్రం సగం తీసుకుంటే, రాజు మిగతా సగం తీసుకుంటాడు. తడిబట్టలతో నిలబడ్డ మనిషి తన మూటలు బండ్లకెక్కడం చూస్తూ ఉండవలసిందే.

గణపతిదేవుడు ఈ సంగతిని దాచలేదు. ఆ శాసనంలోనే రాయించాడు. దాని సారాంశాన్ని నేటి మాటల్లో చెబుతాను. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతున్న ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డున పడితే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సమస్త వస్తువులనూ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీద ఇంతటి సాహసానికి దిగిన వారికి, మేము దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నాం.

ఇదీ ఆ మాట. సుంకం తప్ప తక్కినదంతా.

ఎవరికి ఇచ్చాడు ఈ మాట? తన ప్రజలకు మాత్రమే కాదు. అన్ని ద్వీపాలకూ, దేశాంతరాలకూ, పట్టణాలకూ పోయి వచ్చే ఓడ వర్తకులందరికీ ఇచ్చాడు. వాళ్లలో చాలామందిని ఓరుగల్లులోని రాజు ఎన్నడూ చూసి ఉండడు. వాళ్ల భాష ఆయనకు రాదు. అయినా వాళ్ల పేరు మీద ఈ అభయం రాతికెక్కింది.

మరి ఆ సుంకం ఎంత? ఇక్కడ నాకు ఈ శాసనం మీద మరింత ప్రేమ పుడుతుంది. పెద్ద మాటలు చెప్పి వదిలేయలేదు, లెక్క రాశాడు. ఎగుమతి అయినా, దిగుమతి అయినా ముప్పైకి ఒకటి. మాడ అంటే అప్పటి నాణెం. ముప్పై మాడల సరుకుకు ఒక మాడ రాజుకు, ఇరవై తొమ్మిది వర్తకుడికి. ఆ తర్వాత సరుకుల పట్టిక మొదలవుతుంది. చందనం, దేశవాళీ కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు. దేనికి ఎంతో గద్యాణాల్లో, పణాల్లో రాసి ఉంది. ఇవీ ఆనాటి నాణేలే. లక్ష పోకలకు ఒక గద్యాణం, మూడుంపావు పణాలు. చూశారా, పావు పణం కూడా వదలలేదు.

పావు పణం అంత ముఖ్యమా అని మీరు అడగవచ్చు. రేవులో నిలబడిన సుంకరిని ఒకసారి ఊహించుకోండి. రాజు ఎక్కడో ఓరుగల్లులో, ఎన్నో రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్నాడు. కొత్తగా వచ్చిన పరదేశి వర్తకుడికి ఇక్కడి రేట్లు తెలియవు. సుంకరి ఎంతంటే అంత. అన్యాయం పుట్టేది ఆ సందులోనే. శాసనం ఆ సందును మూసేసింది. రేటు రాతి మీద ఉంది. ఆ రాయి రేవు ఊళ్లోనే ఉంది. సుంకరీ చదవవచ్చు, వర్తకుడూ దుబాసీ చేత చదివించుకోవచ్చు. రాజు తన చేతిని తానే కట్టేసుకున్నాడు, తన ఉద్యోగి చేతినీ కట్టేశాడు. పదిమందీ చూసేచోట కట్టేశాడు.

రాజుల గొప్పతనాన్ని మనం యుద్ధాలతో కొలుస్తాం. గణపతిదేవుడు యుద్ధాలూ చేశాడు. 1199 నుంచి 1262 దాకా, అరవై ఏళ్లకు పైగా పాలించినవాడు, పాలన తొలి రోజుల్లోనే కృష్ణాతీరాన్నీ దివిసీమనూ గెలిచినవాడు. కానీ ఆయన పేరు ఎందుకు గుర్తుంచుకోవాలని నన్ను అడిగితే, గెలిచిన కోటల కంటే ముందు ఈ స్తంభాన్ని చూపిస్తాను.

ఇదంతా దయేనా, లాభం లేదా? లాభం ఉంది. కాకతీయులది లోపలి దేశం, సముద్రతీరం కొత్తగా చేతికి వచ్చింది. సైన్యానికి మేలుజాతి గుర్రాలు కావాలంటే ఓడల మీద రావలసిందే. ఓడ పగిలితే దోచుకుంటారన్న పేరు పడ్డ తీరానికి ఏ నావికుడు వస్తాడు? పక్క రేవు చూసుకుంటాడు. ఈ లెక్క రాజుకు తెలుసు. తెలిసి చేశాడు కాబట్టి దయ కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. న్యాయంగా ఉండటమే రాజ్యానికి లాభమని గ్రహించడం చిన్న విషయం కాదు. ఆయనకు ముందున్న వాళ్లకూ అదే తీరం ఉంది, అదే సముద్రం ఉంది, ఆ బుద్ధి మాత్రం కలగలేదు.

దాదాపు అదే సమయంలో, మన రాజుతో ఏ సంబంధమూ లేకుండా, ఇంగ్లండులోనూ ఇదే చిక్కు మీద చట్టం వచ్చింది. అక్కడా పగిలిన ఓడ సరుకు మీద హక్కు రాజుదే. 1236లో మూడో హెన్రీ ఒక నియమం పెట్టాడు. ఓడ నుంచి మనిషి గానీ జంతువు గానీ ప్రాణంతో బయటపడితే, సరుకు యజమానిదే, మూడు నెలల్లో వచ్చి తీసుకోవచ్చు. 1275లో మొదటి ఎడ్వర్డ్ కాలపు చట్టం ఇంకొంచెం వివరంగా చెప్పింది. మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ బతికి బయటపడితే చాలు. గడువు ఒక ఏడాది మీద ఒక రోజు. ఓడ మీది పిల్లి ఈదుకుంటూ ఒడ్డుకు చేరితే యజమాని ఆస్తి దక్కినట్లే.

మోటుపల్లి శాసనంలో ఆ షరతు లేదు. ఎవరు బతికారు, ఏ జంతువు బతికింది అన్న ప్రశ్నే లేదు. సుంకం తప్ప తక్కినదంతా. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా, మనదే మేలైన మాట అనిపిస్తుంది నాకు.

మాట నిలబడిందా? రేవు మాత్రం వెలిగింది. 13వ శతాబ్దం చివర్లో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ ప్రాంతం గురించి ముత్ఫిలి అన్న పేరుతో రాశాడు. వజ్రాల గురించి రాశాడు, సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడు. రాజ్యాన్ని ఒక వివేకవంతురాలైన రాణి ఏలుతోందని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి అని చరిత్రకారుల నిర్ణయం. 1323లో కాకతీయ రాజ్యం కూలింది. ఆ తర్వాత 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి ఇదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించాడు. వచ్చిన వర్తకులకు భూమి ఇస్తాం, వెళ్లాలనుకుంటే ఆపం, సరుకు ఎవరికి కావాలంటే వారికి అమ్ముకోవచ్చు, కొడుకులు లేరన్న కారణంతో వేసే అపుత్రిక దండుగను తీసేశాం అని. రాజ్యాలు మారినా, తర్వాతి వాళ్లు అదే రేవులో, అదే పద్ధతిలో, రాతి మీదే మాట ఇచ్చారు.

ఇక ఒక్క పని మాట చెప్పి ముగిస్తాను. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సుంకం రేటు పావు పణంతో సహా మీకు చెప్పగలిగానంటే, ఆ రాయి మీద అక్షరాలు చెరిగిపోలేదు కాబట్టి. మన ఊళ్లలో ఇలాంటి రాళ్లు చాలా ఉన్నాయి. గుడి గోడల్లో, చెరువుకట్టల మీద, పొలం గట్ల మీద. భక్తితోనే వాటికి ఏటా సున్నం కొడుతున్నాం, ఎనామిల్ రంగు వేస్తున్నాం, జీర్ణోద్ధరణ పేరుతో యంత్రం పెట్టి ఇసుకతో రుద్దిస్తున్నాం. ఆ ఇసుక దెబ్బకు అక్షరం అంచు పోతుంది. ఒకసారి పోతే ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

మేము శాసనాన్ని ఎలా తీసుకుంటామో చెబుతాను. రాయిని నీళ్లతో, మెత్తని కుంచెతో కడుగుతాం. తడి కాగితం పరిచి, కుంచెతో మెల్లగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన నల్లసిరా అద్దుతాం. అక్షరం తెల్లగా, రాయి నల్లగా వస్తుంది. గుంటలో రంగు గడ్డకట్టి ఉంటే కాగితం లోపలికి దిగదు.

అందుకని మీ ఊళ్లో అక్షరాలున్న రాయి కనిపిస్తే, రంగు వేయకండి, వేయనివ్వకండి. సుద్దతో, పిండితో అక్షరాలు దిద్దకండి. గీకి చూడకండి. ఉన్న చోటు నుంచి కదపకండి, ఎందుకంటే మోటుపల్లి రాయిలాగే చాలా శాసనాలకు అవి ఉన్న చోటే సగం అర్థం. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోనుతో ఫోటో తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరాలు కనిపించవు. రాయి నాలుగు వైపులా తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. ఊరు, మండలం, రాయి ఎక్కడ ఉందో ఒక కాగితం మీద రాసి, మీ రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి గానీ పంపండి. గుడి కమిటీలో మీకు తెలిసినవాళ్లు ఉంటే, రంగుల పని మొదలుకాక ముందే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి.

నమస్కారం.