కిటికీ ఎవరిది?

అందరికీ నమస్కారం.

చెత్త వేసుకునే నల్ల ప్లాస్టిక్ సంచి గురించి చెప్పి మొదలుపెడతాను. కళాకారులు కట్టిన ఇళ్ళ గురించి మాట్లాడతానని పిలిపించుకుని సంచి దగ్గర ఆగాడేమిటని అనుకోకండి, అక్కడి నుంచి ఇంట్లోకే వస్తాను.

1998 చలికాలం, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి నగరం. కళాకారుడు మైకేల్ రాకోవిట్జ్ అప్పటికి విద్యార్థి. పెద్ద భవనాల గోడలకు వెచ్చటి గాలిని బయటికి తోసే గొట్టాలుంటాయి కదా, ఆ గాలి రాత్రంతా వీధిపాలవుతుంటే కొన్ని గజాల దూరంలో మనుషులు కాలిబాట మీద వణుకుతూ పడుకుంటున్నారు. ఆయన ప్లాస్టిక్‌తో రెండు పొరల గుడారం చేసి, దాని మూతిని ఆ గొట్టానికి తగిలించారు. పొరల మధ్య గాలి నిండి గోడలు లేచాయి, లోపల వెచ్చబడింది. దానికి పెట్టిన పేరు 'పారాసైట్', అంటే పరాన్నజీవి. ఇంకొకరి భవనం వదిలేసిన ఊపిరితో బతికే ఇల్లు.

మొదటి నమూనాను నల్ల సంచులతో చేశారు. లోపలున్న మనిషి బయటికి కనపడకూడదు, ఎంత పేదవాడికైనా కాస్త చాటు కావాలి అనుకున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే అది ఇల్లున్నవాడికి తట్టే ఆలోచన. అందులో పడుకోబోయేవాళ్ళు చూసి వద్దన్నారు. మా బాధ చాటు లేకపోవడం గురించి కాదు, భద్రత గురించి అన్నారు. కొట్టడానికి ఎవరైనా వస్తుంటే ముందే తెలియాలి, మేమిక్కడ ఉన్నామని దారిన పోయేవాళ్ళకు కనపడాలి. ఒకాయనైతే ఆరు కిటికీలు పెట్టమని అడిగారు. ఆ తర్వాతి గుడారాలు లోపలికీ బయటికీ కనపడే ప్లాస్టిక్‌తో తయారయ్యాయి.

ఈ సంగతి తెలిసేదాకా సొంత చోటు అంటే కనపడకుండా ఉండే చోటు అనే నేనూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా ప్రశ్న వేరు. కిటికీ ఉందా లేదా అన్నది నాకు చిన్న విషయం. ఆ కిటికీ పెట్టాలని ఎవరు నిర్ణయించారు? బహిరంగ స్థలాల్లో ఇళ్ళు కట్టి చూపించిన కళాకారులందరినీ నేను ఈ ప్రశ్నతోనే చూస్తాను.

2000లో చిలీ రాజధాని శాంటియాగో నడిబొడ్డున ఖాళీ స్థలంలో ఇద్దరు ఆర్కిటెక్టులు నాలుగు వైపులా అద్దాలే గోడలుగా ఒక ఇల్లు కట్టారు. ప్రభుత్వ కళానిధి డబ్బిచ్చింది. ఒక యువ నటి అందులో రెండు వారాలు ఉండేందుకు ఒప్పుకుంది. వండుకోవడం, నిద్రపోవడం, స్నానం చేయడం, అన్నీ అద్దాల వెనకే. మామూలు జీవితం ఎంత మామూలుగా ఉంటుందో చూపించాలన్నది వాళ్ళ ఉద్దేశం. జనం మాత్రం స్నానం వేళకు పోగయ్యారు. నాకు ఆ పని ఇప్పటికీ నచ్చదు. కిటికీ ఆమె అడిగి పెట్టించుకున్నది కాదు, మూసే వీలూ ఆమెకు లేదు. అయితే ఆ ప్రయోగం విఫలమైన తీరులోనే ఒక నిజం బయటపడిందని ఒప్పుకోవాలి. ఇంటి గురించి జనం మరిచిపోయారు, వాళ్ళకు ఆడమనిషి ఒక్కతే కనపడింది.

దీన్ని అద్దంలో తిప్పి చూపించినట్టు ఉంటుంది మోనికా బోన్విచిని అనే కళాకారిణి పని. లండన్‌లో టేట్ బ్రిటన్ మ్యూజియం ఎదుట 2003లో ఆమె ఒక మరుగుదొడ్డి నిలబెట్టారు. బయటి నుంచి చూస్తే నిలువుటద్దాల పెట్టె, మీ ముఖమే మీకు కనపడుతుంది. లోపల కూర్చున్నవారికి మాత్రం వీధి వీధంతా కనపడుతుంది. మరుగుదొడ్డి అన్న మాటలోనే మరుగు ఉంది చూడండి, ఇక్కడ ఆ మరుగు పూర్తిగా ఉన్నా ఉన్నట్టు తోచదు. మిమ్మల్ని ఎవరూ చూడటం లేదని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియదు. ఎదుటివాడు అద్దంలో జుట్టు సవరించుకుంటుంటే మీ కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటుంది. చాటు కల్పించే పనిలో గోడది సగం భాగమే అని నాకు అనిపించింది ఇక్కడే. మిగతా సగం మన నమ్మకం.

ఇంటి లోపలివాళ్ళ మధ్య సరిహద్దుల మాటేమిటి? వార్డ్ షెల్లీ, అలెక్స్ ష్వేడర్ అనే ఇద్దరు కళాకారులు 2016లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కళావనంలో 44 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న ఇంటిని ఒకే ఒక్క కాంక్రీటు స్తంభం మీద నిలిపారు. ఒక కొస ఒకరిది, రెండో కొస ఇంకొకరిది. గాలి వీస్తే ఇల్లు తిరుగుతుంది, ఒకరు లేచి నాలుగడుగులు వేస్తే అటు వాలుతుంది. అయిదు రోజులు అలా కాపురమున్నారు. రాత్రి దాహం వేసి లేవడం కూడా పక్కవాడికి తెలిసిపోయే ఇల్లది. గోడలు ఎన్ని కట్టుకున్నా ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు ఒకరి బరువు ఒకరు మోస్తూనే ఉంటారు, ఆ ఇంట్లో అది కంటికి కనపడింది, అంతే.

ఇలాంటివాటి మీద ఒక విమర్శ ఉంది, న్యాయమైనదే. కళాకారుడి కొత్త జీవనం అయిదు రోజులు, రెండు వారాలు. తర్వాత ఆయన ఇంటికి ఆయన వెళ్ళిపోతాడు. 'పారాసైట్' అనేది ఇళ్ళు లేని సమస్యకు పరిష్కారం కాదని రాకోవిట్జ్ స్వయంగా చెప్పారు. నిరాశ్రయులను చూడనట్టు నడిచిపోయే నగరం ముఖానికి ఆ గుడారాన్ని అడ్డం పెట్టడమే తన పని అన్నది ఆయన వాదన.

అయినా నగరం ఊరుకోదు, కొలతలు తీస్తుంది. అప్పట్లో న్యూయార్క్‌లో మూడున్నర అడుగులకు మించి ఎత్తుంటే దాన్ని అక్రమంగా వేసిన గుడారంగా లెక్కగట్టి తీయించేసేవారు. అందుకని ఒకరి కోసం రాకోవిట్జ్ అంతకన్నా తక్కువ ఎత్తులో, దాదాపు పడుకునే సంచిలా చేసిచ్చారు. పోలీసులు వచ్చి, కొలిచి చూసుకుని వెళ్ళిపోయారు. అంటే ఆ మనిషి లోపల లేచి కూర్చోవచ్చా లేదా అన్నది ఒక టేపు తేల్చింది. అదే నగరంలో 1970ల్లో గార్డన్ మాటా-క్లార్క్ అనే కళాకారుడు వేలంలో ఒక్కొక్కటి 25 నుంచి 75 డాలర్లకు చిన్నచిన్న భూమి ముక్కలు కొన్నారు. సర్వే తప్పుల వల్ల భవనాల మధ్య మిగిలిపోయిన పేలికలు, మొత్తం 15. కొన్నిటిలో కాలు పెట్టడానికి దారి కూడా లేదు. దస్తావేజు ఉంది, పన్ను కట్టాలి, నిలబడటానికి చోటు లేదు. సొంతం అనే మాట మీద ఇంతకన్నా పొడిగా వేసిన ఛలోక్తి నాకు తెలియదు.

చివరగా ఒకాయన. తైవాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ కళాకారుడు తెహ్చింగ్ షే 1981 సెప్టెంబరు 26 నుంచి ఏడాది పాటు ఏ కప్పు కిందికీ వెళ్ళనని కాగితం మీద రాసి సంతకం చేశారు. భవనం, రైలు, కారు, గుహ, గుడారం, ఏదీ లేదు. ఒక పడక సంచీ, వీపు మీద మూట. అందరూ లోపలికి వెళ్ళడానికి తలుపు వెతుకుతుంటే ఈయన బయట ఉండటానికే ఒక గీత గీసుకున్నారు. ఆ గీతను చెరిపింది చలి కాదు, వాన కాదు. ఒక గొడవలో పోలీసులు పట్టుకుని స్టేషన్‌లోకి లాక్కుపోయారు. ఆ దృశ్యం ఫిల్ములో ఉంది. గుమ్మం దగ్గర ఆయన గింజుకుంటారు, వద్దు వద్దంటూ అరుస్తారు. ఆ ఏడాదిలో ఆయన కప్పు కింద గడిపింది ఆ కొన్ని గంటలే.